గుమ్మానికి పక్కగా: ప్రొబేషన్ ఆఫీసర్ల ఆయుధ శిక్షణ గురించి



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆయన గురించి అధ్యక్షులవారు ఇంతసేపూ చెప్పారు. నేను మళ్ళీ చెప్పను. ఒక్క సంగతి మాత్రం అరువు తీసుకుంటాను. ఆయన సర్వీసంతా ఒక గొడుగు, ఒక ఫైళ్ళ సంచి పట్టుకుని గోదావరికి ఇటూ అటూ ఊళ్ళు తిరిగిన ప్రొబేషన్ ఆఫీసరు. నేను అదే ఉద్యోగం అమెరికాలో, టెక్సస్‌లోని ఒక కౌంటీలో చేశాను. నడుముకి పిస్తోలు పెట్టుకుని చేశాను. అక్కడితో ఆగకుండా తోటి ఆఫీసర్లకి దాని వాడకమూ, అసలు వాడే అవసరమే రాకుండా మసలుకోవడమూ నేర్పే బాధ్యత కూడా తీసుకున్నాను. అలాంటి మనిషిని ఈ స్మారకోపన్యాసానికి పిలవడం నిర్వాహకుల ధైర్యం. మా మేనత్త అయితే ఇప్పటికీ "ఆ పాడు వస్తువు నడుముకి కట్టుకుని ఒకళ్ళ ఇంటికి ఎలా వెళ్ళావే తల్లీ?" అంటుంది. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆవిడ ప్రశ్నకి జవాబే అనుకోండి.

విద్యార్థుల కోసం ముందుగా ఉద్యోగం గురించి రెండు మాటలు. నేరం రుజువైనా జైలుకి పంపకుండా, సత్ప్రవర్తన మీద షరతులు పెట్టి కోర్టు కొందరిని వదులుతుంది. ఆ మనిషి షరతుల ప్రకారం ఉంటున్నాడా, పనికి వెళ్తున్నాడా, తాగుడు మానాడా, బాధితుడికి కట్టాల్సిన డబ్బు కడుతున్నాడా అని చూసేది ప్రొబేషన్ ఆఫీసరు. చూడటమే సరిపోదు, పని వెతికిపెట్టాలి, నచ్చజెప్పాలి, చివరికి కోర్టుకి ఉన్నదున్నట్టు రాయాలి. పోలీసు ఎవరో తెలియని మనిషికి రోడ్డు మీద ఎదురుపడతాడు. ప్రొబేషన్ ఆఫీసరు బాగా తెలిసిన మనిషి ఇంటికి, చెప్పి గాని చెప్పకుండా గాని వెళ్తాడు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఆయుధ శిక్షణలో మంచీచెడూ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఈ పనిని మొదలుపెట్టినవాడు జాన్ ఆగస్టస్ అనే బూట్ల వ్యాపారి. 1841లో బోస్టన్ పోలీసు కోర్టులో తాగుబోతుగా నిలబెట్టిన ఒక మనిషికి తాను పూచీపడి బయటికి తెచ్చుకున్నాడు. మూడు వారాల తర్వాత ఆ మనిషి శుభ్రంగా, నిలకడగా కోర్టుకి వస్తే జడ్జి ఒక సెంటు జరిమానా, కోర్టు ఖర్చులు వేసి పంపించేశాడు. 1859లో చనిపోయేదాకా ఆగస్టస్ దాదాపు రెండు వేలమందికి అలా పూచీ నిలిచాడు. జైలుకి వెళ్ళే ప్రతి మనిషి మీదా తమకొచ్చే ఫీజు పోతోందని కోర్టు సిబ్బంది అతనిమీద మండిపడేవారట. జీతం లేదు, బ్యాడ్జి లేదు, ఆయుధం లేదు. మసాచుసెట్స్ 1878లో దీనికి చట్టం చేసింది. బ్రిటన్ 1907లో చేసిన చట్టమైతే ఆఫీసరుని నేరస్థుడితో స్నేహంగా మెలగమని కూడా చెప్పింది. అమెరికాలో ఫెడరల్ కోర్టులకి 1925లో అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకంతో ఈ ఏర్పాటు వచ్చింది. మనమూ వెనకపడలేదు. ఈ గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, 1936లోనే మనకి ప్రొబేషన్ చట్టం ఉంది. ఆ తర్వాత 1958లో కేంద్ర చట్టం వచ్చింది.

మరి తుపాకి ఎప్పుడు దూరింది?

ఒక్క రోజున, ఒక్క కారణంతో దూరలేదు. కానీ అమెరికాలో ఎవరిని అడిగినా ఒక తేదీ చెబుతారు. 1986 సెప్టెంబరు 22. ఇండియానాపొలిస్‌లో థామస్ గాల్ అనే ఫెడరల్ ప్రొబేషన్ ఆఫీసరు తన పర్యవేక్షణలో ఉన్న మైకేల్ వేన్ జాక్సన్ అనే వ్యక్తి ఇంటికి మామూలు తనిఖీకి వెళ్ళాడు. జాక్సన్ షాట్‌గన్‌తో ఎదురొచ్చి కాల్చి చంపేశాడు. అక్కణ్ణుంచి పారిపోతూ మరికొందరిని చంపి, కొద్దిరోజులకి మిస్సోరీలో పోలీసులు చుట్టుముట్టినప్పుడు తనని తాను కాల్చుకున్నాడు. గాల్ దగ్గర ఏ ఆయుధమూ లేదు. ఉంటే బతికేవాడా అన్నది ఎవరూ తేల్చలేని ప్రశ్న. షాట్‌గన్ అప్పటికే ఎక్కుపెట్టి ఉన్న మనిషి ముందు, కోటు కింద ఒరలో ఉన్న పిస్తోలు ఎంతవరకు అక్కరకొస్తుందో కాసేపట్లో లెక్కగట్టి చెబుతాను. అయినా ఆ హత్య తర్వాత ఆఫీసర్ల భద్రత గురించిన చర్చ ఆగలేదు. 1996లో అమెరికా కాంగ్రెసు చట్టం సవరించి, ఆయా జిల్లా కోర్టు ఒప్పుకుంటే ఫెడరల్ ప్రొబేషన్ ఆఫీసర్లు ఆయుధం ధరించవచ్చని రాసింది. అక్కడ ఫెడరల్ జిల్లా కోర్టులు 94. ఏ జిల్లాకి ఆ జిల్లా జడ్జీల నిర్ణయమే.

రాష్ట్రాల సంగతి చెప్పబోతే తెల్లవారుతుంది. పెన్సిల్వేనియా 1994లోనే కౌంటీ ప్రొబేషన్ ఆఫీసర్ల ఆయుధ శిక్షణకంటూ ప్రత్యేకంగా ఒక కమిషన్ పెట్టింది. కాలిఫోర్నియాలో కౌంటీ శాఖ అనుమతిస్తేనే, అది పెట్టిన షరతులతోనే. మా టెక్సస్‌లో ఆఫీసరు రాష్ట్ర సంస్థ దగ్గర ఆయుధ నైపుణ్యం సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, పైగా శాఖ డైరెక్టరు ఒప్పుకోవాలి. న్యూజెర్సీ కథ వేరు, న్యాయ విద్యార్థులు తప్పకుండా చదవాల్సింది. 2001 శాసనసభ ప్రొబేషన్ శాఖలో సాయుధ విభాగం ఒకటి ఏర్పాటు చేస్తూ చట్టం చేసింది. అక్కడ ప్రొబేషన్ ఆఫీసర్లు న్యాయవ్యవస్థ ఉద్యోగులు. వాళ్ళని పోలీసుల్లా మార్చే అధికారం శాసనసభకి లేదు, అది అధికార విభజనకి విరుద్ధం అంటూ 2006లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. నేను తుపాకి పెట్టుకున్న మనిషినే గాని ఆ తీర్పు చదివినప్పుడు కోపం రాలేదు. కోర్టు తరఫున ఇంటికి వెళ్ళే మనిషి చేతిలో ఏముండాలన్నది కోర్టు తేల్చుకోవాల్సిన విషయమే.

ఇక శిక్షణలోకి వద్దాం. ఫెడరల్ ఆఫీసర్లకి 2005 నుంచి సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో జాతీయ శిక్షణ అకాడమీ ఉంది. ఒకప్పుడు నౌకాదళ స్థావరంగా ఉన్న చోటు. కౌంటీల్లో ఎవరి ఏర్పాట్లు వాళ్ళవి. ఎక్కడైనా మొదటి రోజు వచ్చేవాళ్ళు రెండు రకాలు. చిన్నప్పటినుంచీ తండ్రితో వేటకి వెళ్ళి తుపాకి చేతికి అలవాటైనవాళ్ళు ఒక రకం. సోషల్ వర్క్ చదివి, జన్మలో తుపాకి ముట్టనివాళ్ళు రెండో రకం. నేను రెండో రకమే. బోధకురాలిగా నా అనుభవంలో రెండో రకంవాళ్ళకి నేర్పడమే తేలిక. మొదటివాళ్ళకి ముందు పాత అలవాట్లు విప్పాలి, తర్వాత కొత్తవి తొడగాలి.

మొదటి రోజు ఆ గదిలో ఒక్క నిజం తూటా కూడా ఉండదు. తెచ్చినవాళ్ళు తలుపు బయటే పెట్టి రావాలి. చేతికిచ్చేది నీలంరంగు ప్లాస్టిక్ బొమ్మ. దానితోనే, మెరైన్ దళంలో పనిచేసి తర్వాత తుపాకి బోధకుడిగా పేరుపొందిన జెఫ్ కూపర్ ప్రచారంలోకి తెచ్చిన నాలుగు నియమాలు నేర్పుతాం. ఏ తుపాకినైనా తూటా ఉన్నదానిలాగే చూడటం, పోతే పోయిందనుకోలేని దేని మీదికీ గొట్టం తిప్పకపోవడం, గురి కుదిరేవరకు ట్రిగ్గరు మీద వేలు పెట్టకపోవడం, గురేమిటో దాని వెనకేముందో తెలిసే కాల్చడం. మొదటి మూడూ ప్రపంచంలో తుపాకి పట్టే అందరికీ ఒకటే. నాలుగోది ప్రొబేషన్ ఆఫీసరుకి మరీ ముఖ్యం. అమెరికా ఇళ్ళలో లోపలి గోడలు చెక్క చట్రానికి కొట్టిన జిప్సం అట్టలు, మన ఇటుక గోడలు కావు. హాల్లో పేల్చిన పిస్తోలు తూటా గోడ దాటి పక్క గదిలో హోంవర్క్ రాసుకుంటున్న పిల్ల దాకా పోగలదు. ఆ ఇంట్లో ఎవరెవరున్నారో ఆఫీసరుకి తెలుసు. వాళ్ళ పేర్లు ఫైల్లో ఉంటాయి. పోలీసుకి లేని బరువు ఇది.

ఫైరింగ్ రేంజిలో చూడాల్సినవి బయటివాళ్ళకి నీరసంగా అనిపిస్తాయి గాని ప్రాణాలు వాటిమీదే ఉంటాయి. తుపాకి మోత 140 డెసిబెల్స్ దాటుతుంది కాబట్టి లోపలి రేంజిలో చెవులకి రెండు వరసల రక్షణ. తూటా మొదట్లో అంటుకునే మందులోనూ, సీసపు గుండులోనూ ఉండే సీసం చేతులకీ బట్టలకీ పడుతుంది. సబ్బుతో చన్నీళ్ళతో కడుక్కోకుండా తిండి ముట్టకూడదు. గర్భిణి అయిన ఆఫీసరుని ఆ గాల్లో నిలబెట్టకూడదు. తొడకి గాయమైతే కట్టడానికి టోర్నికెట్ ఎవరి దగ్గరుంది, దగ్గర్లో ట్రామా ఆసుపత్రి ఏది, ఫోను చేసేది ఎవరు అన్నవి మొదటి తూటా పేలకముందే పేరుపేరునా చెప్పాలి. ప్రమాదం కనిపిస్తే 'సీజ్ ఫైర్' అని అరిచే హక్కు అందరికంటే జూనియరుకీ ఉంటుంది. ఈ చివరి నియమం మన ఆఫీసుల్లో కూడా ఉంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇందాక లెక్క చెబుతానన్నాను. సాల్ట్ లేక్ సిటీ పోలీసు బోధకుడు డెనిస్ ట్యూలర్ 1983లో ఒక వ్యాసం రాశాడు. కత్తి పట్టిన మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడని అతను కొలిచి చూపించాడు. శిక్షణ పొందిన ఆఫీసరుకి ఒరలోంచి పిస్తోలు తీసి గురిగా పేల్చడానికి కూడా ఇంచుమించు అంతే సమయం. ఇక్కడ ఒక అపార్థం పుట్టింది. 21 అడుగుల లోపల కత్తి ఉంటే కాల్చేయవచ్చని కొందరు దీన్ని అనుమతి పత్రంలా చేసుకున్నారు. ట్యూలర్ చెప్పింది దూరం సంపాదించుకోమని, అడ్డం వెతుక్కోమని, ముందే పసిగట్టమని. పైగా ప్రొబేషన్ ఆఫీసరు కూర్చునే హాల్లో 21 అడుగులు ఎక్కడున్నాయి? అవతలి మనిషి మోకాళ్ళు మన మోకాళ్ళకి నాలుగడుగుల దూరంలో ఉంటాయి. ఆ దూరంలో పిస్తోలు రెండో ఆలోచన. చేతులు, కాళ్ళు, తలుపు మొదటి ఆలోచన.

తీసి పేల్చినా తగులుతుందా? న్యూయార్క్ పోలీసుల మీద ర్యాండ్ సంస్థ చేసిన పరిశీలనలో, 1998 నుంచి 2006 వరకు ఎదురుకాల్పులు జరిగిన ఘటనల్లో పోలీసుల తూటాలు తగిలింది సగటున నూటికి 18. అవతలివాళ్ళు కాల్పులు జరపనప్పుడు నూటికి 30. వీళ్ళు దేశంలోకెల్లా పెద్ద పోలీసు దళం. కాగితం బొమ్మ మీద నూటికి తొంభై తెచ్చుకునేవాళ్ళు కూడా భయంలో అలా అవుతారు. భయంలో చూపు సొరంగంలా ఇరుకైపోతుంది, పక్కన పేలిన మోత వినిపించదు, వేళ్ళు మొద్దుబారతాయి. కాబట్టి రేంజిలో నిలబెట్టి బొమ్మల్ని కొట్టించి సర్టిఫికెట్ ఇచ్చేస్తే అది శిక్షణలో నాలుగో వంతు కూడా కాదు. చాలా శాఖలు అక్కడే ఆపేస్తాయి, ఎందుకంటే మార్కులు వేయడానికి కాగితం బొమ్మ అనువుగా ఉంటుంది.

మిగతా ముప్పాతిక భాగం ఇంటి గుమ్మం దగ్గర ఉంది. నేను ఎక్కువ సమయం అక్కడే గడిపేదాన్ని.

వెళ్ళేముందు ఫైలు చదవడం దగ్గర మొదలు. కిందటిసారి ఎవరెవరున్నారు, ఉద్యోగం పోయిందా, భార్య వెళ్ళిపోయిందా, మందులు మానేశాడా? ఎక్కడికి వెళ్తున్నామో, ఎప్పటికి తిరిగి ఫోను చేస్తామో ఆఫీసులో ఒకరికి తెలియాలి. కారు ఇంటి ముందు కాకుండా కాస్త ఎడంగా, బయటికి వెళ్ళే వైపు ముఖం పెట్టి ఆపాలి. తలుపు కొట్టేముందు ఒక నిమిషం ఊరికే నిలబడి వినాలి. లోపల అరుపులు వినిపిస్తుంటే ఆ పూట తనిఖీ ముగిసినట్టే. తలుపుకి ఎదురుగా ఎప్పుడూ నిలబడకూడదు. గుమ్మానికి పక్కగా నిలబడి, చెయ్యి చాపి కొట్టి, ఒక అడుగు వెనక్కి వేయాలి. కుక్క ఉందా అని తప్పకుండా అడగాలి. మా వాళ్ళకి తుపాకుల కంటే కుక్కల వల్లే ఎక్కువ ఇబ్బంది. లోపలికి రమ్మంటే ఇంటివాళ్ళనే ముందు నడవనివ్వాలి. వంటింట్లోకి వెళ్ళకూడదు, ఇల్లంతటిలో ఆయుధాలు ఎక్కువున్న గది అదే. కూరుకుపోయే సోఫాలో కూర్చోకూడదు, గట్టి కుర్చీ అడగాలి, తలుపు కనిపించేలా వేసుకోవాలి. కాగితాలు ఎడమచేతిలో, కుడిచెయ్యి ఖాళీగా. వేడి కాఫీ ఇస్తే సున్నితంగా వద్దనాలి. ఇది నేర్పుతున్నప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. మన ఇళ్ళలో మంచినీళ్ళు వద్దంటే తప్పుపట్టుకుంటారు, ఆ తర్వాత మనం అడిగే ఏ ప్రశ్నకీ జవాబు రాదు.

ఇవన్నీ గదిలో చెప్పి ఊరుకుంటే ఎవరికీ అబ్బవు. అందుకని ఒక ఖాళీ ఇంట్లో నాటకం ఆడిస్తాం. పేలితే రంగు మాత్రమే పడే ప్రత్యేక తూటాలు, మామూలు తూటా పట్టని ప్రత్యేక పిస్తోళ్ళు వాడతాం. లోపలికి వెళ్ళే ప్రతి మనిషినీ, మమ్మల్ని కూడా, వేర్వేరు మనుషులు మూడుసార్లు తడిమి చూస్తారు. ఈ తనిఖీలో బద్ధకించడం వల్ల శిక్షణలోనే ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి కాబట్టి ఇందులో మొహమాటం లేదు.

నాకిష్టమైన సన్నివేశం ఒకటి చెబుతాను. ఆఫీసరు తలుపు కొడతాడు. "రండి, తలుపు తీసే ఉంది" అని లోపల్నుంచి గొంతు. లోపలికెళ్తే వంటింటి అరుగు దగ్గర ఒకాయన ఉల్లిపాయలు తరుగుతుంటాడు. కళ్ళనిండా నీళ్ళు. ఉల్లిపాయల వల్లా, ఏడుస్తున్నాడా తెలియదు. చేతిలో పెద్ద కత్తి. "నా భార్య వెళ్ళిపోయింది సార్, మీ కాగితాల వల్లే వెళ్ళిపోయింది" అంటాడు. తరగడం ఆపడు. ఆఫీసరు వైపు రాడు. కత్తి కింద పెట్టడు.

కొత్తవాళ్ళలో చాలామంది పిస్తోలు తీసి "కత్తి కింద పెట్టు" అని అరుస్తారు. దాంతో అప్పటిదాకా కూర తరుగుతున్న మనిషి కత్తి పట్టుకున్న మనిషి అయిపోతాడు. కొందరు పాపం అని దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తారు. వాళ్ళకి మా నటుడు రంగు పూసిన రబ్బరు కత్తితో పొట్టమీద గీత గీస్తాడు. నేను పూర్తి మార్కులు వేసే జవాబు చాలా చప్పగా ఉంటుంది. "అయ్యో, మీకు ఇవాళ వీలుగా లేదు. నేను బయటినుంచి ఫోన్ చేస్తాను" అంటూ ఆయన మీంచి చూపు తిప్పకుండా వెనక్కి నడిచి గుమ్మం దాటడం. బయటికొచ్చాక ఫోన్లో ఆయనతో మాట్లాడటం, అవసరమైతే మనోవైద్య బృందాన్ని పిలిపించడం.

మొదటిసారి ఈ జవాబు చెప్పినప్పుడు తరగతిలో ఒకాయన లేచి, "అంటే మమ్మల్ని పారిపొమ్మంటారా?" అన్నాడు. షూటింగులో ఆ బ్యాచ్‌లో అతనే మొదటివాడు. అవును, పారిపొమ్మనే అంటాను. ఆయుధ శిక్షణకి నాయకత్వం వహించే మనిషి నేర్పాల్సిన ముఖ్య విద్య గదిలోంచి బయటికి రావడం. పిస్తోలు బాగా పేల్చడం వచ్చినకొద్దీ గదిలో ఇంకో నిమిషం ఉండగలననే ధీమా పెరుగుతుంది. ఆ ఒక్క నిమిషంలోనే చెడు జరుగుతుంది. కాబట్టి గురి నేర్పేవాడే ధీమా తగ్గించే పని కూడా చేయాలి. మార్కుల పట్టికలో 'వెళ్ళిపోయాడు' అన్న గడి ఉండాలి, అందులో మార్కులు అన్నిటికంటే ఎక్కువుండాలి. లేకపోతే మనిషి ఏది నేర్చుకుంటే మార్కులొస్తాయో అదే నేర్చుకుంటాడు.

చట్టం కూడా ఇటువైపే మొగ్గుతుంది. 1974లో మెంఫిస్‌లో ఒక ఇంట్లో దూరి పారిపోతూ కంచె ఎక్కుతున్న పదిహేనేళ్ళ కుర్రాణ్ణి పోలీసు వెనకనుంచి కాల్చి చంపాడు. ఆ పిల్లవాడి దగ్గర ఆయుధం లేదు. ఆ కేసులో 1985లో అమెరికా సుప్రీంకోర్టు, పారిపోవడాన్ని ఆపడానికే ప్రాణం తీయడం రాజ్యాంగం ఒప్పుకోదని, అతని వల్ల ఇతరులకి తీవ్రమైన ప్రాణాపాయం ఉందని నమ్మే కారణం ఉంటేనే అలాంటి బలం వాడాలని చెప్పింది. టెన్నెసీ వర్సెస్ గార్నర్. నాలుగేళ్ళకి 1989లో గ్రాహమ్ కేసు. మధుమేహ రోగి ఒకాయన షుగరు పడిపోతుంటే ఆరెంజ్ జ్యూస్ కోసం దుకాణంలోకి పరుగెత్తి, క్యూ చూసి వెంటనే బయటికి పరుగెత్తాడు. దొంగేమో అని పోలీసులు పట్టుకుని ఎముక విరిగేదాకా పెనుగులాడారు. బలప్రయోగం సబబా కాదా అన్నది ఆ క్షణంలో అక్కడున్న వివేకవంతుడైన ఆఫీసరు కళ్ళతో చూడాలని కోర్టు ఆ కేసులో అంది. మా తరగతుల్లో ఈ రెండోదాన్ని ఆఫీసర్లకి రక్షణ కవచంగా నేర్పుతారు. నేను మాత్రం జ్యూస్ కోసం పరుగెత్తిన మనిషి వైపునుంచి మొదలుపెట్టేదాన్ని. మన ఫైళ్ళలో సగంమంది రోగులే.

పారిపోయేవాడి సంగతికి వస్తే ప్రొబేషన్ ఆఫీసరుకి వెంటపడే అవసరమే లేదు. వాడి పేరు మనకి తెలుసు, ఫొటో ఉంది, వాళ్ళమ్మ ఎక్కడుంటుందో, ఏ గ్యారేజీలో పనిచేస్తాడో తెలుసు. రేపు ఉదయం జడ్జిగారి దగ్గర వారెంటుకి దరఖాస్తు పెడితే సరిపోతుంది. గోడలు దూకి పట్టుకోవాలన్న ఉబలాటం పోలీసు సినిమాల నుంచి వచ్చింది.

బోధకులకి ఇంకో జబ్బుంది, కథలు. 1970 ఏప్రిల్లో కాలిఫోర్నియాలో న్యూహాల్ అనే చోట నలుగురు హైవే పెట్రోల్ ఆఫీసర్లు అయిదు నిమిషాలైనా గడవకముందే కాల్పుల్లో చనిపోయారు. వాళ్ళలో ఒకరి జేబులో ఖాళీ తూటా గొట్టాలు దొరికాయనీ, రేంజిలో ఏరి జేబులో వేసుకునే అలవాటు కొద్దీ చావు ముంగిట కూడా అలాగే చేశాడనీ దశాబ్దాలపాటు తరగతుల్లో చెప్పారు. అలవాటు ఎంత ప్రమాదమో చూపించే గొప్ప కథ. తర్వాత ఆధారాలు తిరగేసినవాళ్ళు జేబులో అలాంటివేమీ లేవని తేల్చారు. అయినా చెబుతూనే ఉన్నారు. చనిపోయిన మనిషి మీద లేని పొరపాటు మోపి పాఠం చెప్పడం నాకు నచ్చదు. పైగా రోజంతా ఇలాంటి చావు కథలు విన్న ఆఫీసరు మర్నాడు ప్రతి గుమ్మం వెనకా శత్రువునే చూస్తాడు.

అసలు ఆయుధం ఆఫీసరుకీ పర్యవేక్షణలో ఉన్న మనిషికీ మధ్య సంబంధాన్ని చెడగొడుతుందా అన్నది పాత వాదం. అమెరికా ప్రొబేషన్, పెరోల్ ఉద్యోగుల సంఘం ఆయుధాలని సమర్థించనూ లేదు, వ్యతిరేకించనూ లేదు. శిక్షణ, విధానం సరిగ్గా ఉండాలని మాత్రం అంది. కాలిఫోర్నియాలో పరిశోధన చేసే జెన్నిఫర్ స్కీమ్ లాంటివాళ్ళు చూపించిందేమిటంటే ఆఫీసరు కచ్చితంగా ఉంటూనే న్యాయంగా, మర్యాదగా ఉంటే ఆ మనిషి మళ్ళీ తప్పుచేసే అవకాశం తగ్గుతుందని. కచ్చితత్వం ఒక్కటే ఉంటే తగ్గదు. నా మట్టుకు నేను పెట్టిన నియమం ఒకటే. పిస్తోలు ఎప్పుడూ చొక్కా కింద కనిపించకుండా ఉండాలి, దాని గురించి ఎప్పుడూ మాట్లాడకూడదు. సర్దుకుంటూ, తడుముకుంటూ కూర్చునే ఆఫీసరుని ఇంటికి పంపేసేదాన్ని. అవతలి మనిషి దాన్ని గమనించిన మరుక్షణం నుంచి నిజం చెప్పడం మానేస్తాడు.

తుపాకి సాయంత్రం ఆఫీసరుతోపాటు ఇంటికి వెళ్తుంది. ఈ మాట శిక్షణలో చాలామంది దాటేస్తారు. అమెరికాలో తుపాకి వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. రోజూ వేరేవాళ్ళ కష్టాలు మోసే ఉద్యోగం, ఇంట్లో చిన్నపిల్లలు, బీరువాలో గుండ్లు నింపిన పిస్తోలు. తాళం వేసే ఇనప పెట్టె శాఖ ఖర్చుతో కొనివ్వాలని, మనసు బాగోలేదని ఆఫీసరు తనంతట తాను ఆయుధం అప్పజెప్పితే సర్వీసు రికార్డులో మచ్చ పడకూడదని నేను పోరాడాను. మొదటిది వచ్చింది. రెండోదాని మీద కమిటీ వేశారు.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న. మన ప్రొబేషన్ ఆఫీసర్లకి తుపాకి కావాలా? అక్కర్లేదని నా అభిప్రాయం. 1958 చట్టం పద్నాలుగో సెక్షను చూడండి. ఇంటి పరిస్థితులు విచారించడం, పర్యవేక్షించడం, అవసరమైతే పని దొరికేలా ప్రయత్నించడం, నష్టపరిహారం కట్టడంలో సాయపడటం ఇవీ విధులు. అమెరికాలో తుపాకి ఇళ్ళలో ఇంత విరివిగా ఉండటం వల్లే ఆఫీసరు నడుముకీ వచ్చింది. ఆ జబ్బు లేని చోట ఆ మందు ఎందుకు? కానీ తుపాకి వద్దంటే భద్రతా శిక్షణ కూడా వద్దని కాదు. మన ఆఫీసరు విచారణకి వెళ్ళే ఊళ్ళో నిందితుడి కంటే బాధితుడి వర్గమే ఎక్కువ కోపంగా ఉండొచ్చు. 'మా వాణ్ణి కొట్టినవాణ్ణి వదిలేయడానికి వచ్చాడు వీడు' అని. సాయంత్రమైతే మందు ఉంటుంది. పక్షాలుగా చీలిన ఊరైతే ఎవరింట్లో కాఫీ తాగామన్నది కూడా వార్తే. ఇవన్నీ ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిటో ఆయనకి తెలుసు. ఆయన చీకటిపడ్డాక ఏ ఊళ్ళోనూ ఉండేవారు కాదని, ముందు గ్రామ పెద్దల్లో ఇద్దరిని వేర్వేరుగా కలిసేవారని వారి అబ్బాయిగారు నాతో చెప్పారు. చార్ల్‌స్టన్ అకాడమీ చూడకుండానే ఆయన సగం పాఠం సొంతంగా కనిపెట్టుకున్నారు.

మన జిల్లాల్లో రేపటినుంచి మొదలుపెట్టగలిగినవి కొన్నే ఉన్నాయి. ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పటికి తిరిగొస్తున్నదీ రాసిపెట్టే ఒక రిజిస్టరు, సమయం దాటితే ఫోను చేసే ఒక మనిషి. బెదిరింపు వస్తే రాసుకుని పైకి పంపే ఒక ఫారం, ఎందుకంటే లెక్కలో లేని బెదిరింపుకి బడ్జెట్ రాదు. ఏడాదికి రెండు రోజులు గుమ్మం దగ్గర నిలబడటం దగ్గర్నుంచి నేర్పే తరగతి. మహిళా ఆఫీసరు గాని, కొత్త కేసు గాని అయితే ఇద్దరు కలిసి వెళ్ళే ఏర్పాటు. ఇద్దరు వెళ్ళాలంటే ఇద్దరికీ టి.ఎ. ఇవ్వాలి. ఆ ఫైలు మీద సంతకం చేయాల్సినవారు ఈ సభలో మొదటి వరుసలోనే కూర్చున్నారు కాబట్టి మిగతాది వారితో టీ దగ్గర మాట్లాడతాను.